వెనక పార్కింగ్ సెన్సార్ మొరాయిస్తే: ఏది చెడిందో తేల్చడం, దాని దాకా చేరడం

రివర్స్ గేర్ వేయగానే వెనక ఏమీ లేకపోయినా బజర్ ఆగకుండా మోగుతోంది. లేదా గోడకు జానెడు దూరం దాకా వెళ్లినా చప్పుడే లేదు. లేదా మిగతా అంతా బాగానే ఉండి, ఎడమ మూల మాత్రం ఏమీ పట్టడం లేదు. ఈ మూడూ వేర్వేరు జబ్బులు. షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం చాలాసార్లు మూడింటికీ ఒకటే మాట వినిపిస్తుంది: "సెన్సార్ పోయింది సార్, మార్చాలె." బంపర్‌లోని నాలుగు సెన్సార్లలో పోయింది ఏది, అసలు పోయింది సెన్సారా లేక దానికి వెళ్లే వైరా అని ఎవరైనా చూశారా అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. ఆ జవాబు మీ ఇంటి ముందే, ఒక వేలు, ఒక చెవి పెట్టి తెలుసుకోవచ్చు. అది తేలేదాకా కొత్త సెన్సార్ కొనొద్దు, బంపర్ మీద చెయ్యి వేయొద్దు.

ముందు అది పనిచేసే తీరు కొంచెం తెలిస్తే తర్వాతి పని సులువవుతుంది. బంపర్‌లో గుండీల్లా కనిపించే ఒక్కో సెన్సార్‌లో సన్నని పలక ఉంటుంది. కరెంటు అందగానే అది సెకనుకు 40 వేల సార్లకు పైగా కంపించి, మనిషి చెవికి అందని శబ్దాన్ని వెనక్కి పంపుతుంది. ఆ శబ్దం అడ్డుకు తగిలి తిరిగి వస్తే అదే పలక వింటుంది. మీటరు దూరంలో గోడ ఉంటే పోయి రావడానికి పట్టేది దాదాపు 6 మిల్లీసెకన్లు. ఆ సమయాన్ని బట్టి కంట్రోల్ బాక్స్ దూరం లెక్క కట్టి బజర్ మోగిస్తుంది. గుడి గంట కొట్టాక కాసేపు మోగుతూనే ఉన్నట్టు ఈ పలక కూడా శబ్దం పంపాక క్షణకాలం కంపిస్తూనే ఉంటుంది. ఆ కాసేపట్లో వచ్చే ప్రతిధ్వని దానికి వినపడదు. మరీ దగ్గరికి వెళ్లిన అడ్డును సెన్సార్లు సరిగ్గా కొలవలేకపోవడానికి కారణం ఇదే, అది చెడిపోయిన లక్షణం కాదు.

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు కొన్న బండ్లలో చాలావాటికి యాక్సెసరీస్ షాపులో బిగించిన కిట్ ఉంటుంది. మీది ఏ రకమో ముందే చూసుకోండి. కంపెనీ సెన్సార్ బంపర్ లోపలి వైపు నుంచి హోల్డర్‌లో కూర్చుని ఉంటుంది, దాని కప్లర్‌లో, అంటే వైర్లు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గులో, సాధారణంగా మూడు పిన్నులు ఉంటాయి. బయటి కిట్‌లో బంపర్‌కు రంధ్రం చేసి సెన్సార్‌ను బయట నుంచి నొక్కి పెడతారు. ఒక్కో దాని నుంచి ఒక్కో పొడవాటి వైరు డిక్కీలోని చిన్న బాక్స్ దాకా వెళ్తుంది. ఆ బాక్స్‌కు కరెంటు రివర్స్ లైటు వైరు నుంచి తీసుకుంటారు. కిట్ అయితే మీ పని సగం తగ్గినట్టే. ఎందుకో కింద చెప్తాను.

కడగడంతో మొదలు

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ మన వైపు మట్టిని తక్కువ చూడకూడదు. వానాకాలంలో నల్లరేగడి పొలం బాటన పోయి వస్తే బంపర్ కింది సగం మొత్తం పూతేసినట్టు అవుతుంది. ఎండితే గోరుతో గీకినా రాదు. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము, భూపాలపల్లి, గోదావరిఖని రోడ్ల మీద బొగ్గు పొడి, జాతర రోజుల్లో తాడ్వాయి దాటి మేడారం దాకా లేచే దుమ్ము, ఇవన్నీ సెన్సార్ చుట్టూ ఉండే సన్నని సందులోకి చేరతాయి. సెన్సార్ ముఖం తుడిస్తే సరిపోదు, ఆ సందు శుభ్రం కావాలి. అందులో గట్టిపడిన మట్టి పలకను బంపర్‌తో కలిపి పట్టేస్తుంది. అప్పుడు బంపర్ కంపననే అది అడ్డు అనుకుని మోగుతుంది.

నీళ్లలో కొంచెం షాంపూ కలిపి, మెత్తని పాత టూత్‌బ్రష్‌తో చుట్టూ రుద్దండి. స్క్రూడ్రైవర్ మొనతో గీకొద్దు. వాటర్ వాష్ షెడ్డులో ప్రెషర్ పైపును సెన్సార్ మీద దగ్గర నుంచి కొట్టనివ్వొద్దు, కనీసం అడుగు దూరం ఉండాలని చెప్పండి. ఆ ఒత్తిడికి నీళ్లు వెనక కప్లర్‌లోకి పోతాయి. కడిగాక పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ చూడండి. ముఖం మీద నీటి బొట్టు నిలిచినా తప్పుడు బీప్ వస్తుంది.

ఆగకుండా మోగే జబ్బుకు ఇంకా కొన్ని కారణాలు ఉంటాయి. నంబర్ ప్లేటు ఒక స్క్రూ ఊడి బయటకు వంగడం, వెనక తర్వాత బిగించిన గార్డు, బంపర్ మీద అంటించిన స్టిక్కర్ అంచు లేవడం. ఊరి నుంచి డిక్కీ నిండా బియ్యం బస్తాలు వేసుకుని వస్తున్నప్పుడు మాత్రమే మోగుతుంటే సెన్సార్‌లో తప్పేమీ లేదు. బండి వెనక భాగం కుంగి, సెన్సార్లు నేల వైపు చూస్తున్నాయి. బస్తాలు దించి చూడండి. పక్కన లారీ ఎయిర్ బ్రేకు గాలి వదిలినప్పుడు, భారీ వానలో అప్పుడప్పుడూ మోగడం కూడా మామూలే.

గట్టిగా కుదుపు తగిలిన బంపర్ అయితే, పక్క నుంచి వంగి నాలుగు సెన్సార్లనూ ఒకే వరుసలో చూడండి. ఒకటి లోపలికి నొక్కుకుపోయి గానీ, పైకో కిందికో తిరిగి గానీ ఉందా? అలా ఉంటే వెనక హోల్డర్ క్లిప్పు విరిగి ఉంటుంది. బంపర్‌కు టింకరింగ్, పెయింటింగ్ అయ్యాక మొదలైన సమస్య అయితే సెన్సార్ ముఖం మీద రంగు ఎంత మందంగా ఉందో చూడండి. కొందరు సెన్సార్లు తీయకుండానే లప్పం పెట్టి, దాని మీదే రెండు మూడు కోట్లు కొట్టేస్తారు. ఆ పూత కింద పలక కంపించలేదు. దానికి కడగడం మందు కాదు.

వేలు, చెవి పరీక్ష

ఇక్కడ జాగ్రత్త చాలా ముఖ్యం, ఎందుకంటే రివర్స్ గేర్‌లో ఉన్న బండి వెనక మీరు నిలబడబోతున్నారు. చదునైన చోట పెట్టండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగండి. రెండు వెనక చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు గానీ ఇటుకలు గానీ పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ వరకు మాత్రమే తిప్పి, రివర్స్ గేర్ వేయండి. ఆటోమేటిక్ బండి అయితే లోపల ఒకరు బ్రేకు తొక్కి కూర్చోవాలి. ఎలక్ట్రిక్ కార్లలో, హైబ్రిడ్లలో బండి 'రెడీ' స్థితిలో ఉంటే ఇంజిన్ చప్పుడు లేకపోయినా కదులుతుంది. ఆ స్థితికి తేకుండా మీ బండి రివర్స్‌లోకి వెళ్లకపోతే ఈ పరీక్ష మానేసి నేరుగా స్కానర్ (బండిలో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే పరికరం) ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. చుట్టుపక్కల పిల్లలు లేకుండా చూసుకోండి.

ఇప్పుడు వెనక్కి వెళ్లి ఒక్కో సెన్సార్ ముఖం మీద చూపుడు వేలు మెత్తగా ఆనించండి. పనిచేస్తున్న సెన్సార్ వేలి కింద సన్నగా టిక్కుమంటూ కొట్టుకుంటుంది. తెలియకపోతే చెవి దగ్గర పెట్టండి. అసలు శబ్దం మన చెవికి అందదు కానీ పలక మొదలై ఆగే ప్రతిసారీ వచ్చే చిన్న టిక్కు వినపడుతుంది. పగటిపూట హన్మకొండ నయీంనగర్ రోడ్డు పక్కన ఇది వినపడదు, తెల్లవారుజామున చేయండి. అరడుగు నీళ్ల పైపు ముక్క ఉంటే ఒక కొస చెవికి, రెండో కొస సెన్సార్‌కు పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఎడమ నుంచి కుడికి నాలుగూ చూసి, ఏది టిక్కుమంటోంది, ఏది లేదు అని కాగితం మీద రాసుకోండి.

మూడు పలికి ఒకటి పలకకపోతే మీ వెతుకులాట ఆ ఒక్కదాని దగ్గరికి వచ్చేసింది. నాలుగూ పలుకుతూ బజర్ ఆగకుండా మోగుతుంటే, అడ్డును తప్పుగా చూస్తున్నది ఒకటి ఉంది. అప్పుడు మెత్తని మందపాటి గుడ్డ మడతలు నొక్కి పట్టి ఒక్కొక్కదాన్నే మూయండి. కొన్ని బండ్లలో తప్పు చేస్తున్న దాన్ని మూయగానే బజర్ తీరు మారుతుంది. ఇది ప్రతి బండిలోనూ తేల్చి చెప్పే పరీక్ష కాదు, ఒక ఆధారం మాత్రమే.

నాలుగూ పలకకపోతే సెన్సార్ల మీద అనుమానం పక్కన పెట్టండి. నాలుగూ ఒకేసారి పోవడం అరుదు. ముందు రివర్స్ లైటు వెలుగుతోందా చూడండి. అదీ వెలగకపోతే ఫ్యూజ్ గానీ, గేర్‌బాక్స్ మీది రివర్స్ స్విచ్ గానీ కారణం. కిట్ ఉన్న బండిలో రివర్స్ లైటుకు కరెంటు లేకపోతే బాక్స్‌కూ ఉండదు. డ్యాష్‌బోర్డు మీద పార్కింగ్ సెన్సార్ బటన్ ఉన్న బండి అయితే అది ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఇంకో సంగతి, కొన్ని కంపెనీల బండ్లలో ఒక్క సెన్సార్ చెడినా కంట్రోలర్ (అంటే కంట్రోల్ బాక్సే) మొత్తం వ్యవస్థనే ఆపేసి, రివర్స్ వేయగానే ఒక పొడవాటి బీప్ ఇస్తుంది. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ బీప్‌కు ఏ అర్థమో ఉంటుంది. డ్యాష్‌బోర్డు సొరుగులో అది కవర్ కూడా విప్పకుండా పడి ఉంటే ఇప్పుడు తీయండి.

స్కానర్ గురించి ఒక మాట. స్టీరింగ్ కింద పెట్టే చౌక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లనే చదువుతాయి, పార్కింగ్ కంట్రోలర్ దాకా వెళ్లవు. బండిలోని అన్ని కంట్రోల్ బాక్సులనూ చదివే పెద్ద స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే "వెనక ఎడమ లోపలిది" అని చోటుతో సహా చెప్తుంది. కానీ స్కానర్ చెప్పేది ఆ సెన్సార్ నుంచి మాట రావడం లేదని మాత్రమే. తప్పు సెన్సార్‌దా, వైరుదా అన్నది దానికి తెలియదు. అక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

బండి వారంటీలో ఉంటే ఇక్కడితో ఆగి, మీరు రాసుకున్న కాగితం తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. బంపర్ విప్పిన గుర్తులు కనబడితే వారంటీ దగ్గర వాదన పెట్టుకోవాల్సి వస్తుంది.

దాని దాకా చేరడం

కిట్ ఉన్నవాళ్ల పని సగం తగ్గుతుందని అన్నాను కదా. డిక్కీ పక్క ట్రిమ్ (లోపలి తొడుగు) వెనక, సాధారణంగా డబుల్ టేపుతో అంటించిన బాక్స్ ఉంటుంది. అందులోకి వరుసగా నాలుగు చిన్న ప్లగ్గులు వెళ్తాయి. పలకని సెన్సార్ ప్లగ్గును, పలికే దాని ప్లగ్గును తారుమారు చేసి మళ్లీ వేలి పరీక్ష చేయండి. బాగున్న సెన్సార్ ఇప్పుడు మూగబోతే తప్పు బాక్స్‌లోని ఆ సాకెట్‌ది. బాగున్నది బాగానే ఉండి, పలకనిది అలాగే ఉంటే తప్పు ఆ సెన్సార్‌ది గానీ దాని వైరుది గానీ. బంపర్ ముట్టుకోకుండానే ఇంతవరకు తేలుతుంది. పరీక్ష అయ్యాక ప్లగ్గులను వాటి అసలు చోట్లలోనే పెట్టండి, లేకపోతే ఎడమది కుడిగా చూపిస్తుంది.

కంపెనీ సెన్సార్ అయితే బంపర్ వెనక్కి చెయ్యి పోవాలి. మొత్తం విప్పే ముందు కింద నుంచి ప్రయత్నించండి. చాలా బండ్లలో బంపర్ కింది అంచుకూ బాడీకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. మధ్యలోని రెండు సెన్సార్లు అలా అందొచ్చు. మూలవి అందకపోతే చక్రం దగ్గరి ప్లాస్టిక్ లైనర్‌ను సగం విప్పి అక్కడ నుంచి చూడండి. సైలెన్సర్ పూర్తిగా చల్లారి ఉండాలి. బండిని జాకీ మీద లేపి కిందికి దూరొద్దు, ఆ అవసరమే రాదు.

అలా అందకపోతే బంపర్ తీయాలి. ఇది భయపడే పని కాదు, ఓపిక పని. ఇద్దరు ఉండాలి. బిగింపులు ప్రతి మోడల్‌లో కొంత తేడాగా ఉంటాయి కాబట్టి మీ మోడల్ బంపర్ విప్పే వీడియో ఒకటి ముందే చూడండి. వరస మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది. తాళంచెవి బయటకు తీసేసి, డిక్కీ తెరవండి. టెయిల్ లైట్లు తీయండి. ఒక్కోదానికి సాధారణంగా రెండు స్క్రూలు గానీ బోల్టులు గానీ ఉంటాయి, తర్వాత నేరుగా వెనక్కి లాగితే వస్తాయి. వాటి వెనక బంపర్ స్క్రూలు దాగి ఉంటాయి. తర్వాత చక్రాల దగ్గర, బంపర్ అంచును ఫెండర్‌కు పట్టి ఉంచే స్క్రూలు. చాలా కొత్త బండ్లలో ఇవి నక్షత్రం గుంత ఉన్నవి, దానికి తగిన టోర్క్స్ బిట్ లేకుండా మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. ఆ తర్వాత కింది అంచున ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు. వాటి నడిమి బొడిపెను ముందు పైకి లేపి, తర్వాత మొత్తం లాగాలి. ఎండకు ఎండిన క్లిప్పులు కొన్ని విరుగుతాయి, నాలుగైదు కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోండి. చివరగా డిక్కీ గడప కింద, బంపర్ పై అంచున ఉన్న బిగింపులు. తీసిన స్క్రూలు ఎక్కడివి అక్కడే వేర్వేరు గిన్నెల్లో వేయండి, పొడవులు తేడాగా ఉంటాయి.

అన్నీ తీశాక ఒకరు ఎడమ, ఒకరు కుడి పట్టుకుని, చక్రం వైపు అంచును బయటకు లాగుతూ మొదలుపెట్టండి. టకటకమంటూ లాకులు వదులుతాయి. ఎక్కడైనా గట్టిగా ఉంటే బలం పెట్టకుండా ఆగండి, ఒక స్క్రూ మిగిలి ఉంటుంది. బంపర్ వదిలాక ఒకేసారి దూరం లాగొద్దు. లోపల వైరింగ్ ఇంకా తగిలించే ఉంటుంది. పట్టుకుని ఉండగానే పెద్ద కప్లర్ తీసి, తర్వాత కింద పరిచిన దుప్పటి మీద బోర్లా పెట్టండి. మూలల్లో వెనక రాడార్ ఉన్న బండి, అంటే పక్క లేన్‌లో వచ్చే వాహనాన్ని అద్దంలో చూపించే రకం అయితే, ఆ రాడార్ బిగింపులను కదిలించొద్దు. కదిలితే మళ్లీ సెట్టింగ్ చేయించాలి.

ముందు కప్లర్, తర్వాతే సెన్సార్

చేతికి అందిన వెంటనే సెన్సార్ మార్చాలని చెయ్యి ఉరుకుతుంది. ఆగి, ఇప్పుడు తీసిన పెద్ద కప్లర్ లోపల వెలుతురులో చూడండి. నాలుగు సెన్సార్ల వైర్లూ దాని గుండానే పోతాయి, అది ఉండేది చక్రం నీళ్లు చిమ్మే చోట. పిన్నుల మీద పచ్చ చిలుము, లోపల తడి, సన్నని ఒండ్రు ఉన్నాయా? 2023 జులై వరదల్లో వరంగల్, హన్మకొండ కాలనీల్లో ఎన్నో కార్లు నీళ్లలో నిలబడ్డాయి. అలా మునిగిన బండిని సీట్లు మార్చి, కార్పెట్ ఆరబెట్టి అమ్మొచ్చు కానీ బంపర్ వెనక కప్లర్‌లో ఎండిన ఒండ్రును తుడవాలని ఎవరికీ తోచదు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు అక్కడ మట్టి కనబడితే మిగతా కప్లర్లు కూడా చూపించుకోవడం మంచిది.

చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు పిన్నులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, మెత్తని బ్రష్‌తో తుడిచి, ఆరనివ్వండి. ఒక్కో సెన్సార్ కప్లర్‌కూ అదే పని చేయండి. లాక్‌ను నొక్కి కప్లర్ పట్టుకునే లాగండి, వైర్లు పట్టి లాగితే పిన్ను లోపల ఊడుతుంది. వైర్ల పొడవునా వేళ్లతో తడుముతూ రండి. పొలాల పక్కన, గడ్డివాముల పక్కన బండి పెట్టేవాళ్లకు ఎలుకలు కొరికిన చోటు ఇక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మధ్యలోని రెండు సెన్సార్లలో ఒకటి చెడ్డదైతే వాటి రెండింటినీ తారుమారు చేయండి. మూలది చెడ్డదైతే రెండో మూలదానితో మార్చండి. బంపర్‌ను బండి దగ్గరే స్టూళ్ల మీద పెట్టి పెద్ద కప్లర్ తగిలించి, మళ్లీ అదే జాగ్రత్తలతో రివర్స్ వేసి వేలి పరీక్ష చేయండి. మూగతనం సెన్సార్‌తో పాటు కొత్త చోటుకు వెళ్తే సెన్సార్ పోయింది, మార్చండి. మూగతనం పాత చోటే ఉంటే సెన్సార్ బాగుంది, వైరు గానీ కంట్రోలర్ గానీ చూడాలి. ఈ ఒక్క మార్పిడితో మల్టీమీటర్ లేనివాళ్లకు కూడా జవాబు వస్తుంది.

మల్టీమీటర్ ఉంటే, పలకని చోటి కప్లర్ పిన్నుల మధ్య డీసీ వోల్టేజి చూసి, పలికే చోటి కప్లర్‌లో అవే పిన్నులతో పోల్చండి. ఇంత వోల్టేజి ఉండాలన్న అంకె కంటే ఈ పోలికే నమ్మకమైనది. మంచి చోట కరెంటు ఉండి ఇక్కడ లేకపోతే తెగిన వైరు మధ్యలో ఉంది. కంపెనీ సెన్సార్‌లో చిన్న సర్క్యూట్ ఉంటుంది కాబట్టి దాన్ని ఓమ్స్‌లో కొలిచి మంచి, చెడు తేల్చలేరు. తెగిన వైరు దొరికితే మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదలొద్దు, అక్కడ నీళ్లు పడతాయి. టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకుని వెళ్లండి. దాని వీపు మీద ఉన్న పార్ట్ నంబర్ కొత్తదానితో కలవాలి. ఆకారం ఒకేలా ఉన్న సెన్సార్లు లోపల వేరుగా ఉంటాయి. రంగు వేయించాలంటే బిగించక ముందే, ఒక్క పలుచని కోటు చాలు. హోల్డర్ రెండు పక్కల క్లిప్పులు వెడల్పు చేస్తే పాతది వెనక్కి వస్తుంది. దాని ముఖం చుట్టూ మెత్తని రబ్బరు రింగు ఉంటుంది. కొత్తదానితో రాకపోతే పాత రింగు తీసి తొడగండి. ఆ రింగు లేకుండా బిగిస్తే పలక కంపన బంపర్‌కు ఎక్కి, కొత్త సెన్సార్ కూడా మొదటి రోజు నుంచే ఊరికే మోగుతుంది. కిట్ సెన్సార్ల మీద పైవైపు సూచించే బాణం ఉంటే అది ఆకాశం వైపే ఉండాలి, తలకిందులైతే నేలను చూసి మోగుతుంది.

బంపర్ లాకులన్నీ బిగించక ముందే పరీక్షించండి. పెద్ద అట్టముక్క పట్టుకుని ఒకరు బండికి ఒక పక్కన నిలబడి, దాన్ని ఒక్కో సెన్సార్ ముందుకు మీటరున్నర దూరం నుంచి దగ్గరికి తేవాలి. చాలా బండ్లలో మధ్యవి మీటరుకు అటూ ఇటూగా, మూలవి అర మీటరు దగ్గర పలకడం మొదలుపెడతాయి. అట్టకు బదులు దుప్పటి గానీ పత్తి బోరా గానీ పట్టొద్దు. మెత్తని వస్తువు శబ్దాన్ని పీల్చుకుంటుంది, బాగున్న సెన్సార్‌ను కూడా చెడ్డదని అనుకుంటారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాల మధ్యకు రివర్స్ చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, అక్కడ బజర్‌ను నమ్మకుండా ఒకరిని దించి చూపించుకోండి. సన్నని ఇనుప కడ్డీ, వేలాడే గొలుసు, బంపర్ కంటే కిందున్న రాయి, వెనక కూర్చున్న చిన్న పిల్లవాడు కూడా సెన్సార్‌కు అందకపోవచ్చు.

అంతా సరిగ్గా పలికితే లాకులు నొక్కి, స్క్రూలు తీసిన వరసకు వ్యతిరేకంగా బిగించండి. టెయిల్ లైట్లు, బ్రేకు లైట్లు, నంబర్ ప్లేటు లైటు వెలుగుతున్నాయా చూసుకోండి. సెన్సార్ మారినా డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక పోకపోతే పాత కోడ్ కంట్రోలర్‌లో మిగిలి ఉందని అర్థం. స్కానర్ ఉన్నవాళ్ల దగ్గర దాన్ని క్లియర్ చేయిస్తే సరిపోతుంది.